పడవ ఆగదు, ఊళ్లే వస్తాయి



ఆఫ్రికా ఖండం పటం తీసి చూస్తే, సరిగ్గా నడిమధ్యన, భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతూ పెద్ద వంపు తిరిగిన నది ఒకటి కనిపిస్తుంది. అది కాంగో నది. పొడవు దాదాపు 4,700 కిలోమీటర్లు. ప్రవహించే నీటి లెక్కన చూస్తే ప్రపంచంలో అమెజాన్ తర్వాతి స్థానం దీనిదే. ఇంత నది ఉండి కూడా, సముద్రం మీంచి వచ్చిన ఓడ దీంట్లో నూటయాభై కిలోమీటర్లు లోపలికి వచ్చేసరికి మతాడి అనే రేవు దగ్గర ఆగిపోవాల్సిందే. అక్కడినుంచి పైకి కిన్షాసా నగరం దాకా, సుమారు 350 కిలోమీటర్ల పొడవునా, నది కొండల మధ్య ఇరుక్కుని ముప్పైకి పైగా జలపాతాలుగా దూకుతూ దిగుతుంది. ఆ భాగంలో కొన్నిచోట్ల నది లోతు 220 మీటర్లకు పైనే. ప్రపంచంలో ఇంత లోతైన నది మరొకటి లేదంటారు.

ఆ కొండలెక్కి కిన్షాసా చేరామంటే సంగతి మారిపోతుంది. అక్కడినుంచి ఎగువన కిసంగాని అనే ఊరి దాకా 1,734 కిలోమీటర్లు ఒక్క జలపాతం కూడా అడ్డురాని నీటిదారి. ఆ దారి వెంట పడవలో వెళితే ఏం కనిపిస్తుందో, ఆ పడవలు ఎవరి కోసం నడుస్తున్నాయో ఈవేళ మాట్లాడుకుందాం.

ముందు ఈ నది ఎంతటిదో మనకు తెలిసిన కొలతతో చూద్దాం. మన గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా నడిచేది 1,465 కిలోమీటర్లు. కాంగో మీద ఈ చివరి రేవు నుంచి ఆ చివరి రేవుకు ఒక్క పడవ ప్రయాణం గోదావరి మొత్తం పొడవు కంటే ఎక్కువన్నమాట. ఇక నీరు. కాంగోలో సెకనుకు సగటున 41 వేల ఘనపు మీటర్లు పారుతుంది. వరదల రోజుల్లో రేడియోలో మనం వినే లెక్కలోకి మారిస్తే పద్నాలుగు లక్షల క్యూసెక్కుల పైమాటే. ధవళేశ్వరం దగ్గర అంత నీరు వచ్చిందంటే రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసి, లంకల్లో ఉన్నవాళ్లను ఒడ్డుకు చేర్చే పనిలో పడతాం. కాంగోకు మాత్రం అది వరద కింద లెక్క కాదు. ఏడాది పొడుగునా చూసిన సగటు.

దీనికి కారణం ఉంది. ఈ నదికి నీళ్లిచ్చే ప్రాంతం భూమధ్యరేఖకు అటు కొంత, ఇటు కొంత పరుచుకుని ఉంది. రేఖకు ఉత్తరాన వానలు తగ్గే వేళకు దక్షిణాన మొదలవుతాయి. ఎక్కడో ఒకచోట వాన పడుతూనే ఉంటుంది. అందుకని ఈ నది ఎండిపోవడం అన్నది ఉండదు. అయినా హెచ్చుతగ్గులు లేకపోలేదు. కిన్షాసా దగ్గర డిసెంబరు ప్రాంతంలో నీళ్లు బాగా పెరుగుతాయి, జులై ఆగస్టుల్లో తగ్గుతాయి. 2024 జనవరిలో అయితే 1961 నాటి పెద్ద వరదకు కాస్త తక్కువగా, ఆరు మీటర్లు దాటి వచ్చి ఒడ్డు మీది పేటలను ముంచేసింది. పడవ సరంగుకు భయం పెరిగిన నీళ్లతో కాదు. తగ్గిన నీళ్లలో ఇసుక తిప్పలు పైకి తేలతాయి. నిరుడు పడవ పోయిన దారి ఈ ఏడు ఉండదు.

ఇంతకీ ఆ జలపాతాల పైకి మొదట పెద్ద పడవలు ఎలా చేరాయి? అదొక విడ్డూరం. 1880లలో ఐరోపావాళ్లు తమ దేశంలో ఆవిరి పడవలు కట్టి, నట్టు నట్టుగా విప్పి, ముక్కలను ఓడలో మతాడి వైపు తెచ్చేవారు. అక్కడ దింపి, స్థానిక కూలీల నెత్తిన పెట్టి, కొండదారుల వెంట వందల కిలోమీటర్లు మోయించి, పైన మళ్లీ బిగించేవారు. జార్జ్ గ్రెన్‌ఫెల్ అనే మిషనరీ పడవ ‘పీస్’ ఇలాగే ముక్కలుగా వచ్చి, 1884లో కాంగో నీళ్లలోకి దిగింది. తర్వాత 1890లో మతాడి నుంచి రైలుమార్గం మొదలుపెట్టి 1898కి పూర్తిచేశారు. 366 కిలోమీటర్లు. ఆ పనిలో 1,900 మందికి పైగా ప్రాణాలు పోయాయని కంపెనీ అధికారిక లెక్కలే ఒప్పుకున్నాయి. అసలు లెక్క అంతకు చాలా ఎక్కువని చరిత్రకారులు అంటారు. ఇవాళ్టికీ సరుకు దారి అదే. ఓడలో మతాడి, అక్కడినుంచి రైల్లోనో లారీలోనో కిన్షాసా, ఆపైన పడవ.

సరే, కిన్షాసా రేవుకు వద్దాం. కోటిన్నర దాటిన జనంతో ఆఫ్రికాలోని మహానగరాల్లో ఒకటిది, ఈ ఒడ్డున ఉన్న కాంగో దేశానికి రాజధాని. ఇక్కడ నది వెడల్పై మలెబో అనే పెద్ద మడుగులా మారుతుంది. ఆవలి ఒడ్డున కనిపించే భవనాలు మరో దేశానివి. అది బ్రాజవిల్, కాంగో రిపబ్లిక్ రాజధాని. ఒకప్పుడు ఇటు బెల్జియం, అటు ఫ్రాన్స్ ఏలాయి కాబట్టి ఒకే నది పేరుతో రెండు దేశాలయ్యాయి. రెండు రాజధానులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డా నడుమ ఇప్పటికీ వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పంటు మీదో స్పీడ్ బోటులోనో దాటాలి, చేతిలో పాస్‌పోర్టో అనుమతి కాగితమో ఉండాలి.

ఎగువకు వెళ్లే పడవ అంటే మనకు తోచే ఒంటి పడవ కాదు. వెనకాల ఇంజను ఉన్న తోపుడు పడవ ఒకటి. దాని ముందు ఇనప బార్జీలు జతలు జతలుగా, లావుపాటి ఇనప మోకులతో బిగించి ఉంటాయి. వెనకనుంచి అది ముందున్న బార్జీలన్నిటినీ నెడుతుంది. బార్జీల కడుపులో సరుకు, పైన మనుషులు. టికెట్టు కొన్నవాళ్లకు దొరికేది డెక్కు మీద చాప పరుచుకునేంత చోటు. దాని మీద నాలుగు కర్రలు పాతి, టార్పాలిన్ కప్పుకుంటే అదే ఇల్లు. పక్క టార్పాలిన్ కింద ఇంకో కుటుంబం. అటు మేకలు, ఇటు కోళ్ల గంపలు, మధ్యలో బొగ్గుల కుంపటి మీద ఉడికే కూర. జుట్టు జడలల్లే ఆమె, గడ్డం గీసే మంగలి, బ్యాటరీలు చార్జి చేసిపెట్టే కుర్రాడు, వారం వారం ప్రార్థన చేయించే పాస్టరు, అందరూ ఆ డెక్కు మీదే ఉంటారు. ప్రయాణం వారాల తరబడి సాగుతుంది. ఇంజను మొండికేస్తేనో, తిప్ప మీద ఎక్కితేనో నెల దాటినా ఆశ్చర్యం లేదు. ఎక్కేటప్పుడే ఆ సంగతి అందరికీ తెలుసు. బియ్యం, బొగ్గులు దానికి తగ్గట్టే తెచ్చుకుంటారు.

పడవకు దారి చూపేవాళ్లను దగ్గరగా చూడాలి. బార్జీల కొసన, ముందు చివర, కుడివైపొకడు ఎడమవైపొకడు కళాసులు నిలబడతారు. చేతుల్లో పొడుగాటి గెడలు. గెడకు ఎరుపు తెలుపు రంగుల పట్టీలు, కొలత కోసం. గెడ నీళ్లలో దించి, నేల తగిలితే ఎంత లోతో చూసి, పైకెత్తుతారు. మళ్లీ దించుతారు. లోతు తగ్గుతుంటే చేయి ఊపుతారు. వెనక చాలా దూరాన, ఎత్తు మీద ఉన్న గదిలోంచి సరంగు ఆ చేతిని చూసి చుక్కాని తిప్పుతాడు. ఎండలో గంటల తరబడి ఇదే పని. ఈ నదిలో లంకలు వేలల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య పది కిలోమీటర్లకు పైనే వెడల్పు. ఏ పాయలో నీళ్లు చాలతాయో, ఏది ఇసుకలో ఆగిపోతుందో పటం చూసి చెప్పలేం. ఒకప్పుడు నదిలో తేలే బోయాలు, ఒడ్డు చెట్లకు గుర్తు పలకలు ఉండేవి. చాలావాటిని వరద తీసుకుపోయింది, తిరిగి పెట్టినవి తక్కువ. దాంతో గెడ పట్టిన కళాసీ మాటే ఆధారం. తిప్ప మీద ఎక్కిన బార్జీని మళ్లీ నీళ్లలోకి దించాలంటే, సరుకంతా చిన్న పడవల్లోకి మార్చి, బరువు తగ్గించి, మోకులు కట్టి లాగాలి. రెండు రోజులు పట్టొచ్చు, వారమూ పట్టొచ్చు.

ఈ ప్రయాణంలో అసలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. కిన్షాసా దాటి కాస్త పైకి వెళ్లాక ఒడ్డు మీది ఊళ్లు కనపడతాయి. తాటాకు కప్పుల ఇళ్లు, వెనక కర్రపెండలం చేలు, ఆ వెనక అడవి. పడవ ఆ ఊళ్ల దగ్గర ఆగదు. బొలోబో, ఎంబండాకా, లిసాలా, బుంబా లాంటి పెద్ద రేవుల్లోనే ఆగుతుంది. మరి ఊరివాళ్లేం చేస్తారు? పడవ చప్పుడు దూరాన వినపడగానే దోనెలు బయల్దేరతాయి. ఒకే మాను తొలిచి చేసిన పొడుగాటి దోనెలవి. పడవ వచ్చే దారికి ముందుగానే, ఏటి నడుమకు చేరి ఎదురు చూస్తాయి. బార్జీ దగ్గరికి రాగానే, దోనె ముందు నిల్చున్న మనిషి చేత్తో బార్జీ అంచు పట్టుకుని తాడు చుట్టేస్తాడు. వెనకున్నవాళ్లు తెడ్డు గట్టిగా నీళ్లలో ఆనించి దోనె తిరగబడకుండా నిలబెడతారు. రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. పట్టు దొరికితే దోనె పడవ పక్కన చేరి నడుస్తుంది. తప్పితే బార్జీ లేపిన అలకు దోనె, దాంట్లోని చేపలు, మనుషులు అంతా నీళ్లపాలు. అలా పోయినవాళ్లూ ఉన్నారు.

పట్టు దొరికిందనుకోండి. ఇక బేరం మొదలు. దోనెలోంచి పొగబెట్టిన చేపలు, ఆకుల్లో చుట్టి ఉడికించిన కర్రపెండలం ముద్దలు, అరటి గెలలు, పామాయిల్ డబ్బాలు, గొంగళి పురుగుల బుట్టలు, ఒక్కోసారి మూతి కట్టేసిన బతికున్న మొసలి పైకి వస్తాయి. పడవ మీదినుంచి ఉప్పు, సబ్బు, పంచదార, బ్యాటరీలు, మందుబిళ్లలు, పాత బట్టలు, పిల్లల నోటుపుస్తకాలు కిందికి దిగుతాయి. బేరం ముగిసేసరికి దోనె తన ఊరికి ఎగువన ఎన్నో కిలోమీటర్ల దూరం వచ్చేసి ఉంటుంది. అప్పుడు తాడు వదిలేస్తారు. ఏటి వాలు ఉంది కదా, తెడ్డు పెద్దగా వేయనక్కర్లేకుండా ఇల్లు చేరతారు.

ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఎదురెక్కేటప్పుడు ఈ పడవ గంటకు పది కిలోమీటర్లు దాటితే గొప్ప. బయటినుంచి వచ్చిన ప్రయాణికుడు విసుక్కునేది దీనికే. ఎప్పటికి చేరతామని రోజులు లెక్కపెడతాడు. ఒడ్డు మీది మనిషి మాత్రం ఈ పడవ మెల్లగా నడవడం వల్లే దాన్ని అందుకోగలుగుతున్నాడు. ఇది వేగంగా పోయే పడవైతే ఏ దోనె పట్టుకోగలదు? మధ్యలో ఉన్న వందలాది ఊళ్లు దాన్ని చూసి చేయి ఊపడం తప్ప చేసేదేముంటుంది? కిన్షాసా నుంచి కిసంగానికి నేరుగా సాగే మంచి రోడ్డు లేదు. దేశం వైశాల్యం మన దేశంలో మూడింట రెండు వంతులకు పైగా ఉంది, నడుమ అంతా అడవి, బురద నేల. అక్కడ ఉప్పు ప్యాకెట్టు ఒక ఊరికి చేరాలంటే, ఆ ఊరి చేప నగరానికి రావాలంటే దారి ఈ పడవే. ఆ వ్యాపారంలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లను అందరూ ‘మామా’ అని గౌరవంగా పిలుస్తారు. కిన్షాసాలో అప్పు చేసి సరుకు కొని పడవెక్కుతారు. దారి పొడుగునా దాన్ని అమ్ముతూ చేపలు కొంటారు, తిరుగు ప్రయాణంలో ఆ చేపలను నగరం బజారుకు చేర్చి అప్పు తీరుస్తారు. పడవ ఆలస్యమైతే చేప పాడవుతుంది, వడ్డీ పెరుగుతుంది. ఈ లెక్క వాళ్లకు వేళ్ల మీద ఉంటుంది.

ఈ నదిమీద భాష కూడా పడవ వెంట నడిచినదే. పందొమ్మిదో శతాబ్దంలో బొబంగి అనే తెగ వర్తకులు మలెబో మడుగు నుంచి ఎగువకు దోనెల్లో వ్యాపారం సాగించారు. వాళ్ల మాటల్లోంచి ఎదిగిందే ఇవాళ్టి లింగాలా. సైన్యంలోకి, రేవుల్లోకి, తర్వాత కిన్షాసా పాటల్లోకి పాకి, ఇప్పుడు కోట్లమంది మాట్లాడుతున్నారు. పడవలో ఏ తెగవాళ్లు ఎక్కినా బేరం లింగాలాలోనే.

ప్రయాణం సగానికి రాకముందే ఎంబండాకా వస్తుంది. భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న ఊరిది. ఇక్కడ రూకి అనే ఉపనది వచ్చి కలుస్తుంది. దాని నీళ్లు టీ డికాక్షన్ కంటే నల్లన. చుట్టూ ఉన్న బురద అడవిలో కుళ్లిన ఆకులు ఊరి ఊరి ఆ రంగు వస్తుంది. ఈ అడవి కింద ఉన్నది మామూలు మట్టి కాదు. వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న చెట్ల చెత్త. దాన్ని పీట్ నేల అంటారు. 2017లో శాస్త్రవేత్తలు దీని విస్తీర్ణం కొలిచి, సుమారు మూడువేల కోట్ల టన్నుల కార్బన్ దీంట్లో దాగి ఉందని అంచనా కట్టారు. ఆ నేల ఎండి తగలబడితే నష్టం ప్రపంచమంతటికీ. పడవ మీదినుంచి చూస్తే అదంతా ఒక పచ్చటి గోడ, ఆ ముందు తేలుతూ వచ్చే గుర్రపుడెక్క గుబుర్లు. అన్నట్టు ఆ గుర్రపుడెక్క ఇక్కడిది కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి 1950లలో ఈ నదిలోకి చేరింది. మన చెరువుల్లో చేసిన పనే అక్కడా చేసింది.

పడవ మనుషులతోపాటు జబ్బులనూ మోస్తుంది. 2018 మే నెలలో ఎబోలా వ్యాధి ఎంబండాకాలో బయటపడినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కంగారుపడింది అందుకే. మారుమూల పల్లెలో వచ్చిన ఎబోలా చాలాసార్లు అక్కడే ఆగుతుంది. రేవున్న ఊళ్లోకి వచ్చిందంటే, పడవలు నేరుగా కిన్షాసాకు పోతాయి. రేవులో జ్వరం చూసే మనుషులను పెట్టారు. సున్నాకు అరవై డిగ్రీల దిగువన మాత్రమే నిలవుండే టీకాను, కరెంటే సరిగ్గా లేని ఆ ప్రాంతానికి ప్రత్యేకమైన పెట్టెల్లో చేర్చారు. రోగి చుట్టూ ఉన్నవాళ్లకు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకు టీకా వేస్తూ వెళ్లారు. ముప్పైముగ్గురు చనిపోయారు. జులై చివరికి వ్యాధి ఆగింది. కిన్షాసా దాకా రాలేదు.

ఇప్పుడు కాస్త చరిత్ర. 1885 నుంచి 1908 దాకా ఈ దేశం మొత్తం ఒక్క మనిషి సొంత ఆస్తి. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్. ఆయన అధికారులు పల్లెలకు రబ్బరు లెక్క కట్టారు. ఇంత రబ్బరు తేకపోతే కొరడా దెబ్బలు, ఊరికి నిప్పు. సైనికులు తూటాలు వృథా చేయలేదని రుజువు చూపడానికి చనిపోయినవాళ్ల చేతులు నరికి తెచ్చేవారు. బతికున్నవాళ్ల చేతులూ నరికారు. ఈ ఘోరం బయటి ప్రపంచానికి ఎలా తెలిసిందో తెలుసా? పడవ సరుకు చూసి. లివర్‌పూల్‌లో ఒక ఓడల కంపెనీలో గుమాస్తా ఎడ్మండ్ మోరెల్. కాంగో నుంచి బెల్జియం రేవుకు వచ్చే ఓడల పద్దులు చూసేవాడు. వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. తిరిగి పోయే ఓడల్లో ఏముంది? తుపాకులు, తూటాలు. కొన్న సరుకుకు బదులుగా పంపే బట్ట, ఉప్పు, పనిముట్లు లేవు. అంటే అక్కడ కొనుగోలు జరగడం లేదు, దోపిడీ జరుగుతోందని మోరెల్ ఆ పద్దుల్లోంచే పట్టుకున్నాడు. ఉద్యోగం వదిలేసి ఉద్యమం మొదలుపెట్టాడు.

1903లో బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ స్వయంగా చూసి రావడానికి ఇదే నది మీద బయల్దేరాడు. రాజుగారి పడవెక్కితే వాళ్లు చూపించిందే చూడాలి. అందుకని అమెరికన్ మిషనరీల దగ్గర ‘హెన్రీ రీడ్’ అనే చిన్న ఆవిరి లాంచీ అద్దెకు తీసుకున్నాడు. తనకు తోచిన ఊళ్లో ఆగాడు, జనం చెప్పింది రాసుకున్నాడు. పదహారేళ్ల కిందట తాను చూసినప్పుడు కళకళలాడిన ఊళ్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయని గమనించాడు. 1904లో ఆయన నివేదిక అచ్చయింది. నాలుగేళ్లకు లియోపోల్డ్ దేశాన్ని వదులుకోక తప్పలేదు.

రచయిత జోసెఫ్ కాన్రాడ్ అంతకు ముందే, 1890లో, ‘రోయి దె బెల్జ్’ అనే ఆవిరి పడవలో కిసంగాని దాకా వెళ్లాడు. ఆ అనుభవంతో రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ ప్రపంచమంతా చదివింది. నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో ఒక ఉపన్యాసంలో ఆ నవల మీద గట్టి విమర్శ చేశాడు. అంతటి నవలలో ఆఫ్రికా మనుషులకు నోరే లేదని, వాళ్లను ఒక వెనక తెరలా వాడుకున్నారని ఆయన అభ్యంతరం. ఆ విమర్శతో పూర్తిగా ఏకీభవించనివాళ్లూ ఉన్నారు. కానీ కాంగో పడవ గురించి మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోవడం మంచిది. అడవి ఎంత చీకటిగా ఉందో చెప్పడం సులువు. దోనెలో వచ్చినామె చేపకు ఎంత అడిగింది, ఎంతకు ఇచ్చింది అన్నది వినాలంటే ఓపిక కావాలి.

ఎంబండాకా దాటి ఎగువకు పోతే లిసాలా. ముప్పైరెండేళ్లు దేశాన్నేలిన మొబుటు పుట్టిన ఊరు. ఆ తర్వాత బుంబా. ఆ చుట్టుపక్కల వరి పండుతుంది, బస్తాలు ఇక్కడే ఎక్కుతాయి. ఇంకా పైన ఇసంగి, యాంగాంబి. ఈ ప్రాంతంలో లొకెలె అనే తెగవాళ్లుంటారు. చేపలు పట్టడంలోనూ వ్యాపారంలోనూ దిట్టలు. మాను తొలిచిన పెద్ద ఢంకా మీద రెండు స్వరాలు మోగించి, ఒక ఊరి సంగతి మరో ఊరికి చేరవేసేవాళ్లు. పడవ వస్తోందన్న కబురు పడవ కంటే ముందే వెళ్లేది. జాన్ కారింగ్టన్ అనే ఆంగ్లేయ మిషనరీ ఆ ఢంకా భాష నేర్చుకుని, 1949లో దాని మీద పుస్తకమే రాశాడు. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్ చేస్తోంది. సిగ్నల్ అందిన చోట.

చివరికి కిసంగాని. దాని ఎగువన బొయోమా జలపాతాలు, వంద కిలోమీటర్ల పొడవునా ఏడు. పెద్ద పడవ ఇక కదలదు. ముందుకు పోవాలంటే ఉబుండు దాకా రైలు. ఆ రైలు 1906 నుంచి ఉంది. కిసంగాని దగ్గర వగేనియా తెగవాళ్లు చేపలు పట్టే పద్ధతి చూడటానికి దూరదూరాలనుంచి వస్తారు. నీళ్లు సుడులు తిరిగే చోట రాళ్ల సందుల్లో లావుపాటి దుంగలు పాతి పందిరిలా కడతారు. వాటికి మనిషి పట్టేంత గరాటు బుట్టలను తాళ్లతో వేలాడదీస్తారు. ఉరవడికి కొట్టుకొచ్చిన చేప బుట్టలోకి దూరి, వెనక్కి తిరగలేక ఉండిపోతుంది. రోజుకు రెండుసార్లు దోనెల మీద వెళ్లి, దుంగలెక్కి, బుట్టలు లాగి చూస్తారు. భారతీయ మూలాలున్న వి.ఎస్. నయిపాల్ 1979లో రాసిన ‘ఎ బెండ్ ఇన్ ది రివర్’ నవలలోని ఊరు ఈ కిసంగానిని చూసి రాసిందే. అందులో కథ చెప్పేది కూడా తూర్పు తీరం నుంచి వచ్చిన భారత సంతతి దుకాణదారు.

ఈ పడవల పరిస్థితి ఇప్పుడెలా ఉంది? 1960లో స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం ప్రభుత్వ సంస్థ పడవలు ఒక సమయపట్టిక ప్రకారం నడిచేవి. మూడు తరగతుల గదులు, భోజనశాల కూడా ఉండేవి. ఇంజన్లు పాతబడ్డాయి, విడిభాగాలకు డబ్బు లేకపోయింది, ఒక్కొక్కటే రేవులో తుప్పు పట్టాయి. 1998లో యుద్ధం మొదలయ్యాక నది కింది భాగం ప్రభుత్వం చేతిలో, పై భాగం తిరుగుబాటు దళాల చేతిలో చిక్కి, రాకపోకలు ఆగిపోయాయి. ఎగువ ఊళ్లలో ఉప్పు, సబ్బు దొరకని రోజులవి. యుద్ధం సద్దుమణిగాక ప్రైవేటు బార్జీలు తిరిగి వచ్చాయి. వాటితోపాటు ఊళ్లలోనే కొయ్యతో కట్టిన పెద్ద లాంచీలూ వచ్చాయి. అక్కడివాళ్లు ‘బలెనియేర్’ అంటారు. పలకలు మేకులతో బిగించి, సందుల్లో గుడ్డలు కూరి, వెనక ఇంజను తగిలిస్తారు. ఖర్చు తక్కువ, లోతులేని పాయల్లోనూ పోతాయి, ఇనప బార్జీ రాని చిన్న ఉపనదుల్లోకీ వెళతాయి.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది వీటిలోనే. బస్తాల మీద మనుషులు, మనుషుల మీద బస్తాలు. రాత్రి పూట దీపాలు లేకుండా నడుపుతారు. నీళ్లలో తేలే దుంగ తగిలితే పలక ఊడిపోతుంది. 2025 ఏప్రిల్‌లో ఎంబండాకా దగ్గర ఒక కొయ్య లాంచీలో వంట కుంపటినుంచి నిప్పంటుకుంది. లాంచీ బోల్తాపడింది. ఇలాంటివి జరిగినప్పుడల్లా మృతుల సంఖ్య ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఎందుకంటే ఎవరెవరు ఎక్కారో రాసుకున్న జాబితా చాలా పడవల్లో ఉండదు. రాత్రి ప్రయాణం నిషేధమని, లైఫ్ జాకెట్ తప్పనిసరని ఉత్తర్వులు ఉన్నాయి. ప్రమాదం జరిగిన వారం గట్టిగా అమలు చేస్తారు. మరో వారానికి పడవలు మళ్లీ చీకట్లో కదులుతాయి. చేపలు పాడవుతాయి, అప్పు ఆగదు, ఇంకో దారి లేదు. అందుకే ప్రజలు తెలిసి తెలిసి ఎక్కుతారు.

దీనికి మందు లేకపోలేదు. నదిలో బోయాలు తిరిగి పెట్టడం, ఏటా మారే లోతులు కొలిచి సరంగులకు అందించడం, రేవులో ఎక్కిన ప్రతి మనిషి పేరు రాసుకోవడం, మోయగలిగిన బరువు గీత పడవ మీద గీసి అది మునిగితే కదలనివ్వకపోవడం. వీటిలో ఏదీ పదిహేడువందల కిలోమీటర్ల రోడ్డు వేసినంత ఖర్చు కాదు. నదులకు సంబంధించిన ప్రభుత్వ శాఖ కొన్ని భాగాల్లో ఈ పని మొదలుపెట్టింది కూడా. చిన్న ఊళ్లకు చేరే ఆ మెల్లని పడవను తీసేయకుండా, అది క్షేమంగా నడిచేలా చేయడమే అక్కడివాళ్లు కోరుతున్నది.

ఇకమీదట ఎప్పుడైనా వార్తల్లో కాంగో నదిలో పడవ మునిగిందని మీరు వింటారు. మధ్య ఆఫ్రికాలో ఒక ప్రమాదం, ఇంతమంది మృతి అని రెండు వాక్యాల్లో చదివేస్తారు. ఆ పడవలో ఉన్నది విహారానికి వెళ్లినవాళ్లు కాదు. అప్పు తెచ్చి ఉప్పు కొన్న ఒక మామా, సెలవులకు ఇంటికి పోతున్న విద్యార్థి, భార్యను ప్రసవానికి పట్నం ఆసుపత్రికి తీసుకెళుతున్న రైతు. వాళ్లు ఆ పడవే ఎందుకెక్కారన్నది ఇప్పుడు మీకు తెలుసు.